తుపాకీకి లైసెన్స్ ఇచ్చారు, తూటా సంగతీ చూడండి

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

సైన్యంలో పనిచేసి రిటైరై తిరుపతిలో స్థిరపడినవాణ్ణి. ఆత్మరక్షణకని లైసెన్స్ మీద పాయింట్ 32 రివాల్వర్ పెట్టుకున్న వ్యాపారులు, మామిడి తోటల వాళ్లు ఏ తూటా కొనాలని నన్ను అడుగుతుంటారు. లైసెన్స్ ఇచ్చేచోట తెలియాల్సిన మాట అది. నా దాకా ఎందుకు రావాలి?

పాయింట్ 32 అంటే ఒకే తూటా అనుకుంటారు జనం. రివాల్వర్‌కు చేసింది స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్, కాస్త పొడుగు. పిస్టల్‌కు చేసింది 7.65 ఎం.ఎం., పొట్టిది. ఈ పొట్టిది చాలా రివాల్వర్లలో దూరిపోతుంది. దూరింది కదా అని పేల్చకూడదు. దాని ఒత్తిడి ఎక్కువ, ఆ రివాల్వర్‌ను అందుకోసం చేయలేదు.

కుర్రాళ్లు వీడియోలు చూసి, మొనలో గుంట ఉండే హాలో పాయింట్ కావాలంటారు. ఇలాంటి చిన్న బోరులో, అంటే సన్నటి గొట్టంలో, తూటా వేగం తక్కువ. ఆ మొన విచ్చుకుంటుందన్న నమ్మకం లేదు, విచ్చుకుంటే లోతుకు వెళ్లదు. గుండ్రటి మొన ఉన్న మామూలు తూటాయే మేలని నా అభిప్రాయం. అది ప్రతిసారీ పేలాలి, గురి తప్పకూడదు. గాంధీ రోడ్డు లాంటి చోట గురి తప్పితే తగిలేది దారిన పోయే భక్తుడికి.

ప్రతిసారీ పేలడం దగ్గరే అసలు చిక్కు. ఒక బంగారు వ్యాపారి తన తూటాలు చూపించారు. తుప్పు పట్టకూడదని నూనె రాసి బీరువాలో పెట్టారట, ఏళ్లు గడిచాయి. ఇత్తడి మీద పచ్చగా చిలుము. నూనె ప్రైమర్‌లోకి, అంటే తూటా అడుగున నిప్పు పుట్టించే మందులోకి, దిగితే తూటా పేలదు. లేదంటే సగం బలంతో, చప్పుడు సరిగా రాకుండా పేలి గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. అది తెలియక వెంటనే రెండోది పేలిస్తే గొట్టం చీలి, పట్టుకున్న చేతికే ప్రమాదం. ఆయనకు ఇదేదీ తెలియదు. ఆ రివాల్వర్‌తో ఒక్కసారీ పేల్చి చూడలేదు. ఉన్న కాసిని తూటాలు ప్రాక్టీస్‌కు వాడేస్తే అవసరానికి ఏం మిగులుతాయన్నది ఆయన భయం.

2016 ఆయుధ నియమాలు శిక్షణ ఉండాలని చెబుతున్నాయి. అది కాగితం మీద సర్టిఫికెట్‌గా మిగలకుండా చూడండి సార్. కల్యాణి డ్యామ్ దగ్గర పోలీసు శిక్షణ కళాశాల ఉంది. అక్కడ గానీ, పోలీసులు కాల్పులు సాధన చేసే మరో ఫైరింగ్ రేంజ్‌లో గానీ నెలకో రోజు లైసెన్స్‌దారులకు కేటాయించండి. అక్కడ కాల్చిన తూటాలను లైసెన్స్ మీద ఇంట్లో ఉంచుకునే తూటాల కోటాలోంచి తీసేయకుండా వేరే లెక్కలో రాయించండి. 2019 సవరణ తర్వాత రెన్యువల్ అయిదేళ్లకోసారి వస్తోంది. అప్పుడూ, ఎన్నికలకు ఆయుధాలు స్టేషన్‌లో అప్పగించినప్పుడూ, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ చేత తూటాలను కూడా పరీక్ష చేయించండి. చిలుము పట్టినవి తీసుకుని, కొత్తవి కొనడానికి అక్కడికక్కడే అనుమతి రాసిస్తే చాలు.

నేర్పడానికి మనుషులు కావాలంటే ఈ ఊళ్లో మాజీ సైనికులం ఉన్నాం. జీతం అక్కర్లేదు, కబురు పెడితే వస్తాం.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు, తిరుపతి