ఆడిటర్ ఫీజు ఫ్యాక్టరీ చేతిలో ఉండకూడదు

సంపాదకులకు నమస్కారం.

ఫ్యాక్టరీల కాలుష్యం గురించి వార్త వచ్చిన ప్రతిసారీ కొత్త చట్టం కావాలంటారు. రసాయన ఫ్యాక్టరీలో వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు నడిపి రిటైరైన నాకు అలా అనిపించదు. నీటి కాలుష్య చట్టం 1974 నుంచే ఉంది. నదుల్లోకి వదిలే నీటిలో బీఓడీ (మురికిని తినడానికి బాక్టీరియాకు పట్టే ఆక్సిజన్) లీటరుకు 30 మిల్లీగ్రాములు, సీఓడీ (మురికిని రసాయనాలతో విరగ్గొట్టడానికి పట్టే ఆక్సిజన్) 250 దాటకూడదన్న నిబంధనా ఉంది. దాటితే దాటిందని రాసేవాళ్లే కరువు.

ప్లాంటులో అసలు పని చేసేది బాక్టీరియా. ఏరేషన్ ట్యాంకులోకి బ్లోయర్లు రాత్రీపగలూ గాలి కొడుతుంటేనే అవి బతికి మురికిని తింటాయి. కరెంటు ఖర్చు మిగులుతుందని రాత్రిళ్లు బ్లోయర్లు ఆపమనేవారు మా పైవాళ్లు. వరుసగా కొన్ని రాత్రులు ఆపితే ట్యాంకు నల్లబడి కుళ్లు వాసన వచ్చేది. బాక్టీరియా మళ్లీ పెరగడానికి వారాలు పట్టేది, ఉత్పత్తి మాత్రం ఒక్కరోజూ ఆగేది కాదు. శాంపిల్ తీసే రోజు ముందే తెలిసిపోయేది. ఆ రోజు మంచినీళ్లు కలిపేవారు. రీడింగు తగ్గేది, కానీ కాలువలోకి పోయే విషం ఒక్క గ్రామైనా తగ్గేది కాదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

దీనికి దారి మన దేశంలోనే దొరికింది. గుజరాత్‌లో కాలుష్యాన్ని కొలిచి రిపోర్టు రాసే ఆడిటర్‌ను ఫ్యాక్టరీయే ఎంచుకుని ఫీజు ఇచ్చేది. ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో బృందం అక్కడి కాలుష్య నియంత్రణ మండలితో కలిసి కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిటర్లను లాటరీ తీసినట్టు కేటాయించింది. ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చి, కొన్ని రీడింగులను మరొకరితో మళ్లీ తీయించింది. ఆడిటర్ల రిపోర్టుల్లో నిజం పెరిగింది, ఫ్యాక్టరీలు కాలుష్యం తగ్గించాయి. 2013లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మరి అన్ని రాష్ట్రాల్లో ఇదే పద్ధతి పెట్టడానికి అడ్డేమిటి?

చిన్న యూనిట్లకు సొంత ప్లాంటు భారమే, వాటికి ఉమ్మడి ప్లాంట్లు కావాలి. శుద్ధిలో మిగిలే ప్రమాదకర బురదను (స్లడ్జ్) మామూలుగా 90 రోజులకు మించి ఆవరణలో ఉంచకూడదన్న 2016 నిబంధన కూడా గట్టిగా అమలు చేయాలి.

ఇంకొక్క కోరిక. శుద్ధి ప్లాంటుకు విడిగా కరెంటు మీటరు తప్పనిసరి చేసి, దాని రీడింగునూ శుద్ధి చేసిన నీటి లెక్కనూ నెలనెలా జనానికి కనబడేలా పెట్టండి. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే బ్లోయర్లు ఎప్పుడు ఆగాయో ఊళ్లోవాళ్లే పట్టుకుంటారు.

– శుద్ధి ప్లాంటు మాజీ ఆపరేటర్