పెరటి పిట్టల పని: సభ్యులకు 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

బరంపురంలో మన సంఘం నడిపే ఆదివారం తెలుగు తరగతులు, సంక్రాంతి ముగ్గుల పోటీ, ఉగాది పంచాంగ శ్రవణం ఎప్పటిలాగే బాగా జరిగాయి. వాటి జమాఖర్చుల పట్టిక మీకు విడిగా అందింది. ఈ నివేదికలో మాత్రం పెరటి పిట్టల కార్యక్రమం గురించే వివరంగా రాస్తున్నాను. ఈ ఏడాది సభ్యులు ఎక్కువమంది చేయి కలిపింది ఈ పనిలోనే, గట్టిగా వాదించుకున్నదీ దీని గురించే.

2024 ఏప్రిల్‌లో ఒడిశా అంతటా వడగాడ్పులు రోజుల తరబడి వదల్లేదు. మనకు సముద్రం దగ్గరే అయినా ఆ ఉక్కపోత అందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పుడే కుమ్మరుల దగ్గర మట్టి మూకుళ్లు కొని అడిగిన ప్రతి ఇంటికీ ఇచ్చాం. వెడల్పుగా ఉండి, లోతు రెండు అంగుళాలు మించనివే ఏరుకున్నాం. లోతైన బకెట్లో దిగిన పిచ్చుక మళ్లీ పైకి రాలేదు. మూకుడు మధ్యలో ఒక గరుకు రాయి పెడితే చిన్న పిట్టకు నిలబడే చోటు దొరుకుతుంది. మట్టిది కాబట్టి నీళ్లు చల్లగా ఉంటాయి, కాళ్లూ జారవు.

డెంగీ దోమలు పెరుగుతాయేమోనని కొందరు సభ్యులు టెన్షన్ పడ్డారు. అది సరైన భయమే. దోమ గుడ్డు పెట్టాక అది మళ్లీ దోమగా ఎగరడానికి మన వాతావరణంలో వారం పది రోజులు చాలు. పైగా గుడ్లు గిన్నె అంచుకు అంటుకుని ఉంటాయి, నీళ్లు మార్చినంత మాత్రాన పోవు. అందుకే రోజూ పొద్దున్నే పాత నీళ్లు మొక్కలకు పోసి, కొబ్బరి పీచుతో అంచులు రుద్ది, కొత్త నీళ్లు నింపాలని నియమం పెట్టుకున్నాం. ఇలా చేస్తే ఒక పిట్ట నుంచి ఇంకో పిట్టకు రోగాలు అంటడం కూడా తగ్గుతుంది. రోజూ కడగడం కుదరని ఇంట్లో మూకుడు బోర్లించేయడమే మేలని నా అభిప్రాయం. మూకుణ్ణి గుబురుకు ఆనించి కాకుండా కాస్త ఎడంగా పెట్టండి. ఆకుల చాటున పొంచి ఉన్న పిల్లి దూకేలోపు పిట్టకు ఎగిరిపోయే వ్యవధి ఉండాలి.

ముందు కాకులు, గోరింకలు వచ్చాయి. వాటిని చూసి ధైర్యం తెచ్చుకుని పిగిలిపిట్టలు దిగాయి. మిట్టమధ్యాహ్నం చడీచప్పుడూ లేనప్పుడు గువ్వలు వచ్చి నీళ్లలో ముక్కు ముంచి, తల ఎత్తకుండానే పీల్చి తాగాయి. మిగతా పిట్టలు గుక్క గుక్కకీ తల పైకెత్తుతాయి. ఈ తేడాను ముందు గమనించింది మన ఆదివారం తరగతి పిల్లలే.

ఇక గింజల సంగతి. పిట్టకు పెట్టడం మనకెవరూ నేర్పనక్కర్లేదు. మేడల మీద అప్పడాలు, వడియాలు ఎండబెట్టుకునే ఊరు మనది. వడియాల దగ్గర కాకిని అదిలించిన చేత్తోనే మహాలయ పక్షాల్లో దానికి ముద్ద పెడతాం. కొత్త పంట ఇంటికొస్తే వరికంకులు కుచ్చులుగా అల్లి చూరుకు వేలాడదీయడం మన పెద్దలు ఎరిగినదే. ఈ సంక్రాంతికి ఆ అల్లకం తెలిసిన అమ్మమ్మలు తరగతి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని నేర్పించారు. కంకుల కింద తొడిమలను తడిపి మెత్తబరిస్తే అల్లేటప్పుడు విరగవు. అలా తయారైన కుచ్చులు గోసానినూవాగాం, అంకులి, హిల్‌పట్నా వీధుల్లో ఒడియా పొరుగిళ్లకు కూడా వెళ్లాయి.

వాదన వచ్చింది పావురాల దగ్గర. మేడ మీద రోజూ బస్తాల లెక్కన గింజలు పోస్తే పుణ్యమని కొందరు, పక్కింట్లో ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరాడడం లేదని కొందరు. ఎండిన పావురాల రెట్ట దుమ్మై ఏళ్ల తరబడి లోపలికి పోతే ఊపిరితిత్తులు దెబ్బతింటాయని వైద్యులు చెబుతున్నదే. మిగిలిన గింజలకు రాత్రిళ్లు ఎలుకలు చేరతాయి. చివరికి సర్వసభ్య సమావేశంలో అందరూ ఒప్పుకున్నది ఇది: గంటలో తినేసేంత, గుప్పెడు గింజలు మాత్రమే, అవీ నూకలు, కొర్రలు, సజ్జల్లాంటి చిన్నవి. ఉప్పు తగిలిన మిక్చర్, చిప్స్, నూనె పిండివంటలు, బూజు పట్టిన వేరుశనగ పెట్టకూడదు. పాడైన వేరుశనగలో పుట్టే విషం పిట్ట కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఇది పుణ్యానికి అడ్డు చెప్పడం కాదు. పెట్టేది పిట్టకు మేలు చేయాలన్నదే మన తాపత్రయం.

ఈ ఏడాది చదివి, చూసి మనం తెలుసుకున్న అసలు విషయం ఇంకొకటి ఉంది. గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లలకు మొదటి రోజుల్లో గింజ పెట్టదు. మెత్తని పురుగులు, గొంగళ్లు తెచ్చి పెడుతుంది. మందు కొట్టి పురుగన్నదే లేకుండా చేసిన పెరట్లో ఎన్ని గింజలు చల్లినా పిచ్చుక పిల్ల బతకదు. అందుకే పెట్టుబడి గింజల నుంచి మొక్కల వైపు మళ్లించమని కార్యవర్గం తీర్మానించింది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు మన ఊళ్లో ఎన్ని చెట్లు కూలాయో కళ్లారా చూశాం. ఆ లోటు కొంతైనా తీరాలని జులై మొదటి వారం వనమహోత్సవానికి నేరేడు, పొగడ, మునగ, కరివేపాకు, జామ, మందారం, నూరువరహాల మొక్కలు పంచాం. కరివేపాకు చెట్టును పూర్తిగా దూసేయకుండా ఒకటి రెండు కొమ్మలు వదిలేస్తే నల్లగా పండిన ఆ పళ్ల కోసం కోకిల, పిగిలిపిట్ట వెతుక్కుంటూ వస్తాయి. మునగ పూతకు తేనెపిట్టలు రాకుండా ఉండవు.

హిల్‌పట్నాలో ఒక సభ్యురాలి వరండాలో బట్టల దండేనికి తేనెపిట్ట గూడు కట్టింది. వాళ్లు ఆ దండెం వాడడం మానేసి, మాకు దూరం నుంచి చూపించారు. సాలెగూటి దారాలతో ఎండు నార, బెరడు పొట్టు, ఆకు తునకలు అంటించిన చిన్న సంచి అది. పక్కన ద్వారం, దాని మీద వాన పడకుండా చిన్న చూరు. ఆడపిట్ట లోపల కూర్చుంటే బయటికి ముక్కు కొస మాత్రమే కనిపించేది. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ ఇంట్లో బట్టలన్నీ మేడ మీదే ఎండాయి. ఆ ఇంటివాళ్లకు సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

పిచ్చుకల పెట్టెల విషయంలో వడ్రంగులకు ఒక్కటే గట్టిగా చెప్పాం: రంధ్రం 32 మిల్లీమీటర్లు దాటకూడదు. అంతకంటే పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. మన జిల్లాలోనే ఋషికుల్య తీరాన తాబేళ్లను కాపాడే గ్రామస్తులు పిచ్చుకలకు మట్టి గూళ్లు అమర్చారు. మార్చి 20న పిచ్చుకల దినం నాడు పిల్లలకు ఆ సంగతి చెప్పి, పెట్టెలను పడమటి ఎండ తగలని గోడలకు ఎత్తుగా బిగించాం.

కార్తీక వనభోజనాలు ఛత్రపురం దగ్గర తంపరా సరస్సు ఒడ్డున జరిగాయి. వర్షాకాలంలో ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచికి వెళ్లి, చింతచెట్ల మీద గూళ్లు కట్టిన నత్తగుల్ల కొంగలను చూసి వచ్చాం. ఇళ్ల మధ్యనే రెట్టల వాసన భరిస్తూ ఆ ఊరివాళ్లు వాటిని సొంత పిల్లల్లా చూసుకుంటారు. 2025 ఫిబ్రవరి 14 నుంచి 17 దాకా జరిగిన పెరటి పక్షుల లెక్కింపులో మన ఇళ్లూ పాల్గొన్నాయి. కనీసం పావుగంట ఒకచోట కూర్చుని, కనిపించిన ప్రతి రకాన్నీ పక్షుల లెక్కలు రాసుకునే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా వీధి అరుగు మీద కూర్చుని ఇది చేయగలిగారు.

దసరాకు పాలపిట్టను చూడడం మనకు ఆనవాయితీ. అది ఒడిశా రాష్ట్ర పక్షి కూడా. పంజరంలో పెట్టి ఇంటింటికీ తెచ్చేవాళ్లకు డబ్బులివ్వొద్దని తెలుగు, ఒడియా భాషల్లో కరపత్రాలు పంచాం. ఊరి శివార్లలో కరెంటు తీగల మీద అది స్వేచ్ఛగా కనిపిస్తుంది. రామచిలుకను పంజరంలో ఉంచడం కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని ఇంకా చాలామందికి తెలియదు. గాలిపటాల నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. సంక్రాంతి అయ్యాక మన కుర్రాళ్లు చెట్లకు చిక్కుకున్న దారాలను వెదురు గడలతో తీసి పారేశారు.

వచ్చే ఏడాదికి మూకుళ్లు కార్యాలయంలో సిద్ధంగా ఉన్నాయి. పగిలినవి తెచ్చి కొత్తవి తీసుకెళ్లండి. మొక్కలు కావాల్సినవాళ్లు జూన్ నెలాఖరులోగా పేర్లు ఇవ్వాలి. పెరడు లేని అపార్ట్‌మెంట్ సభ్యులకు కుండీలో పెరిగే మందారం, నూరువరహాలు కేటాయిస్తున్నాం. చచ్చిపడి ఉన్న కాకులు ఎక్కడైనా గుంపుగా కనిపిస్తే చేత్తో ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పి, మాకూ ఒక మాట తెలియజేయండి.

కార్యదర్శి