ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క మాట

సంపాదకుల వారికి,

ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయి. నల్గొండ, పాలమూరు జిల్లాల కాలేజీ ల్యాబుల్లో విండోస్ సిస్టం మీద యునిక్స్ కమాండ్లు, షెల్ స్క్రిప్టులు నేర్పేందుకు సిగ్విన్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. అది మొరాయించగానే సిస్టం ఫార్మాట్ కొట్టొద్దని మా మనవి. ఫార్మాట్ చేస్తే పూట పోతుంది, పిల్లల ఫైళ్లు పోతాయి. అసలు కారణం యాంటీవైరస్ అయితే దాన్ని మళ్లీ వేసిన మర్నాడే కథ మొదటికొస్తుంది.

ఎక్కువగా ఏడిపించేది 'ఫోర్క్' ఎర్రర్. యునిక్స్‌లో ఒక ప్రోగ్రాం తన నకలును తానే పుట్టించుకుంటుంది. విండోస్‌కు ఆ పద్ధతి లేదు కాబట్టి సిగ్విన్ దాన్ని అనుకరిస్తుంది. తల్లి ప్రోగ్రాంలో ప్రతి డీఎల్ఎల్ (ప్రోగ్రాంలు పంచుకుని వాడుకునే కోడ్ ఫైలు) మెమరీలో ఏ చిరునామాలో ఉందో, పిల్ల ప్రోగ్రాంలోనూ సరిగ్గా అక్కడే ఉండాలి. ఆ చోటును వేరే డీఎల్ఎల్ ఆక్రమిస్తే ఫోర్క్ ఆగిపోతుంది. అందుకే నిన్న నడిచిన స్క్రిప్టు ఇవాళ నడవదు, రెండోసారి కొడితే ఒక్కోసారి నడుస్తుంది కూడా.

దీనికి మందు రీబేస్, అంటే డీఎల్ఎల్‌లు ఒకదాని చోట ఒకటి పడకుండా వాటి చిరునామాలను మళ్లీ సర్దడం. సిగ్విన్ టెర్మినల్‌లో 'రీబేస్-ట్రిగర్ ఫుల్‌రీబేస్' అని కొట్టి, సిగ్విన్ కిటికీలన్నీ మూసేయాలి. వెనకాల సిగ్విన్ ఎస్ఎస్‌హెచ్ సర్వీసు (వేరే సిస్టం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడేది) నడుస్తుంటే దాన్నీ ఆపాలి. ఇది మరచిపోతే చేసిన పనంతా వృథా. తర్వాత సిగ్విన్ సెటప్ ఫైలు తెరిచి, కొత్త ప్యాకేజీలేవీ ఎంచుకోకుండా చివరిదాకా నెక్స్ట్ నొక్కుతూ పోతే చిరునామాలన్నీ అదే సర్దుతుంది.

అయినా ఎర్రర్ వస్తుంటే యాంటీవైరస్‌ను అనుమానించాలి. కొన్ని యాంటీవైరస్‌లు నడిచే ప్రతి ప్రోగ్రాంలోకీ తమ డీఎల్ఎల్‌ను జొప్పిస్తాయి. మొదట సిగ్విన్ ఫోల్డర్‌ను స్కానింగ్ మినహాయింపుల్లో చేర్చండి. యాంటీవైరస్‌ను తాత్కాలికంగా ఆపితే సరిపోదు, ఆపినా ఆ డీఎల్ఎల్ దూరుతూనే ఉండొచ్చు. కాసేపు పూర్తిగా తీసేసి చూస్తేనే సంగతి తేలుతుంది.

ఇంకొకటి, సీ డ్రైవ్ మొత్తంలో 'సిగ్విన్1' అనే డీఎల్ఎల్ ఎన్ని చోట్ల ఉందో వెతకండి. ఎలక్ట్రానిక్స్ వాళ్ల పాత మైక్రోకంట్రోలర్ కంపైలర్లు కొన్ని తమ సొంత నకలును వెంట తెచ్చుకుంటాయి. వేర్వేరు వెర్షన్లు ఒకేసారి నడిస్తే గొడవ ఖాయం. ఆ కంపైలర్ ఫోల్డర్‌ను పాత్ (విండోస్ ప్రోగ్రాంల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) నుంచి తీసేసి సిస్టం రీస్టార్ట్ చేయాలి.

'బ్యాక్‌స్లాష్ ఆర్: కమాండ్ నాట్ ఫౌండ్' అని వస్తే సిగ్విన్‌లో ఏ లోపమూ లేదు. విద్యార్థి ఇంట్లో నోట్‌ప్యాడ్‌లో రాసిన స్క్రిప్టులో ప్రతి వరుస చివరా కంటికి కనిపించని ఒక అక్షరం ఎక్కువగా ఉంటుంది. ఫైలు పేరు ఇచ్చి 'డాస్‌టుయునిక్స్' నడిపితే క్షణంలో పోతుంది. పరీక్ష హాల్లో ఈ ఒక్క కారణానికి పిల్లల మార్కులు కోయడం అన్యాయం.

సిగ్విన్ పాతదని, దాని బదులు విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 వేద్దామని కొందరంటారు. మంచిదే, కానీ దానికి బయోస్‌లో (సిస్టం ఆన్ కాగానే తెరుచుకోగల సెట్టింగుల్లో) వర్చువలైజేషన్ ఆన్ అయి ఉండాలి. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, సీపీయూ కింద ఆ సంగతి కనిపిస్తుంది. పైగా హద్దు పెట్టకపోతే ర్యామ్‌లో సగం దాకా వాడుకోగలదు. 4 జీబీ సిస్టంలో విండోస్‌కు మిగిలేదెంత? అలాంటి ల్యాబుకు సిగ్విన్ చాలు. విండోస్ 7 ఇంకా ఉన్నచోట మాత్రం సిగ్విన్ 3.4 వెర్షనే ఆఖరు, 3.5 నుంచి దానిపై పనిచేయదు. 32 బిట్ విండోస్ అయితే 3.3తోనే సరి.

నెట్ సరిగా రాని మండల కేంద్రాల్లో ఒక సిస్టంలో సెటప్ తెరిచి 'డౌన్‌లోడ్ వితౌట్ ఇన్‌స్టాలింగ్' ఎంచుకుని, వచ్చిన ఫోల్డర్‌ను సెటప్ ఫైలుతో సహా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. మిగతా సిస్టాలన్నిటిలో 'లోకల్ డైరెక్టరీ' నుంచి వేసుకోవచ్చు. కాలేజీ యాజమాన్యాలు ఈ పెన్‌డ్రైవ్‌ను ప్రాక్టికల్స్‌కు వారం ముందే ల్యాబ్ అసిస్టెంట్ల చేతికివ్వాలని కోరుతున్నాం.

— కంప్యూటర్ ల్యాబ్ సాంకేతిక సిబ్బంది, నల్గొండ