అత్తాపూర్‌లో ఆగి సాయం చేసిన అన్నకు
హైదరాబాద్‌లో పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల పక్కన ఆగిపోయిన మా పెట్రోల్ కారు చూసి బైక్ ఆపిన అన్నా, పేరు అడిగేలోపే వెళ్లిపోయారు. ఇది మీ కంట పడాలని రాస్తున్నాను.

సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది, స్టార్ట్ మాత్రం కావడం లేదు. వెనక సీట్లో అమ్మ, చుట్టూ ట్రాఫిక్, నాకు ఒకటే టెన్షన్. చూసినవాళ్లంతా బ్యాటరీ అన్నారు. మీరొక్కరే, "సెల్ఫ్ ఇంత జోరుగా తిరుగుతుంటే బ్యాటరీ ఎందుకవుతుంది? పెట్రోలైనా అందట్లేదు, స్పార్కైనా రావట్లేదు" అన్నారు. ఊరికే సెల్ఫ్ కొడుతూ ఉంటే మోటారు వేడెక్కుతుందని ఆపించారు.

తాళం ఆన్‌లో పెట్టి వినమన్నారు. మామూలుగా వెనక సీటు కింద ఫ్యూయల్ పంపు ఒకటి రెండు సెకన్లు గుయ్‌మంటుంది. ఆ చప్పుడే లేదు. డ్యాష్‌బోర్డులో తాళం గుర్తు లైటు ఆరిపోయింది కాబట్టి ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే బండి స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) గొడవ కాదన్నారు. పంపు ఫ్యూజు తీసి వెలుతురులో చూశారు, బాగానే ఉంది. అప్పుడు హారన్ రిలే, పంపు రిలే (వాటికి కరెంటు ఆన్, ఆఫ్ చేసే చిన్న స్విచ్చులు) మీద నంబర్లు ఒకటేనని సరిచూసుకుని రెండిటినీ అటూ ఇటూ మార్చారు. పంపు గుయ్‌మంది, బండి స్టార్టయింది! ఎంత శ్రద్ధగా, ఒక్కొక్కటీ తేల్చుకుంటూ చూశారో.

"పాడైన రిలే ఇప్పుడు హారన్‌కి ఉంది కాబట్టి హారన్ మోగదు, నెమ్మదిగా వెళ్లి ఈరోజే కొత్త రిలే వేయించుకోండి" అన్నారు. డబ్బులిస్తే చేత్తో పక్కకు నెట్టేశారు. రిలే వేయించానన్నా. అమ్మ మిమ్మల్ని భోజనానికి పిలవమంటోంది. చాలా చాలా థ్యాంక్స్.