యుద్ధకాలం కార్టూన్లను తూకానికి వేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరిగిన ఆ నాలుగు రోజులూ అనంతపురంలో ఎవరి ఫోన్‌ చూసినా బొమ్మలే. కొన్ని శత్రుదేశాన్ని ఎగతాళి చేసేవి, వాటితో నాకు పేచీ లేదు. కొన్ని మాత్రం మన పక్క వీధి వాళ్ల మీదే అనుమానం రేపేవి. అవి చూస్తే, జపాన్‌తో అమెరికా యుద్ధం చేస్తున్న 1942 నాటి ఒక అమెరికన్‌ కార్టూన్‌ గుర్తొచ్చింది.

గీసింది పిల్లల పుస్తకాలతో పేరు తెచ్చుకున్న డాక్టర్‌ స్యూస్‌. అప్పట్లో న్యూయార్క్‌లోని ‘పీఎం’ పత్రికకు గీసేవాడు. పశ్చిమ తీర రాష్ట్రాల్లోని జపాన్‌ సంతతి వాళ్లు బారులు తీరి, ఒక కొట్టు ముందు పేలుడు పదార్థాల డబ్బాలు అందుకుంటుంటారు. కప్పు మీద ఒకడు దుర్భిణి పెట్టి, సముద్రం అవతలి నుంచి సైగ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాడు. అందరి మొహమూ ఒకటే! అది ఫిబ్రవరి 13న అచ్చయింది. 19న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ వాళ్లను తరలించడానికి వీలిచ్చే ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాదాపు 1,20,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే. అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 1988లో.

కార్టూన్‌ వల్లే ఉత్తర్వు వచ్చిందని నేననను. ఆ అనుమానం అప్పటికే జనం నోళ్లలో నానుతోంది. సంపాదకీయం ఆచితూచి రాయొచ్చు. కార్టూనిస్టుకు ఆ వెసులుబాటు లేదు, పొద్దున పేపరు తీసినవాడికి చూడగానే తెలిసిపోవాలి. అందుకే జనం మనసులో ఉన్నదే వాడుకుంటాడు. విడ్డూరమేమిటంటే, నల్లవాళ్లనూ యూదులనూ ద్వేషించేవాళ్లను అదే పత్రికలో ఉతికి ఆరేసిందీ ఈయనే.

ఆ మార్చిలోనే లండన్‌ ‘డెయిలీ మిర్రర్‌’లో ఫిలిప్‌ జెక్‌ కార్టూన్‌ వచ్చింది. నడిసముద్రంలో తెప్పను కరుచుకున్న నావికుడు, కింద పెట్రోలు ధర ఒక పెన్నీ పెరిగిందన్న వార్త. నావికులు ప్రాణాలొడ్డి తెస్తున్న పెట్రోలును వృథా చేయొద్దన్నది గీసినాయన ఉద్దేశం. చర్చిల్‌ ప్రభుత్వానికేమో, కంపెనీల లాభాల కోసం నావికులు చస్తున్నారన్నట్టు కనిపించింది. పత్రికను మూసేస్తామని బెదిరించింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమే ఇది.

1962, 1965, 1971, 1999 యుద్ధాలప్పుడు మన తెలుగు పత్రికలూ కార్టూన్లు వేశాయి. మీ దగ్గరున్నవాటిని తేదీలతో, గీసినవాళ్ల పేర్లతో సహా ఆదివారం సంచికలో మళ్లీ వేయండి. మనకు నచ్చనివి కూడా. ఫోన్లో తిరిగే బొమ్మలకు పేరూ ఉండదు, తేదీ ఉండదు, రేపు అడుగుదామన్నా ఎవరినీ అడగలేం. గ్రంథాలయాల్లో బైండు చేసిన పాత పేపర్లుంటే, తూకానికి వేసే ముందు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం చరిత్ర విభాగానికి ఒక మాట చెప్పమని గ్రంథాలయ సంస్థను కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్‌ టీచర్‌, అనంతపురం