మూడో ఏడాది ఎవరు చూస్తారు?

సంపాదకులకు నమస్కారం.

కృత్రిమ మేధ వల్ల గ్రంథాలయాల రూపురేఖలు మారిపోతాయంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. దానికి జవాబుగా ఒక పాఠకుడు రాసిన ఉత్తరమూ చదివాను. కంపెనీల మాయలో పడకుండా అందరూ ఓపెన్ సోర్స్‌కు, అంటే ఎవరైనా చూసి, మార్చుకుని వాడుకునేలా కోడ్ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్‌కు మారిపోతే పైసా ఖర్చుండదు, ఎవరికీ బానిసలుగా ఉండక్కర్లేదు అని ఆయన వాదన. ఈ ఇద్దరిలో ఎవరూ ఒక సోమవారం ఉదయం పుస్తకాలిచ్చే బల్ల వెనక కూర్చున్నట్లు లేదు. నేను ఒక కళాశాల గ్రంథాలయంలో ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటున్నాను. అమ్మకపు మాటలకూ మోసపోయాను, ఉచితం అన్న మాటకూ మోసపోయాను. రెండో దాంట్లో తప్పు చాలావరకు నాదే.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు కార్డు కేటలాగు సొరుగులు ఉండేవి. 2002లో మొదటి సాఫ్ట్‌వేర్ కొన్నాం. దాదాపు 38 వేల పుస్తకాల వివరాలను మేం నలుగురం రెండున్నరేళ్లు కూర్చుని టైపు చేశాం. ఇక జన్మలో కార్డు ముట్టుకోనక్కర్లేదని కంపెనీ ప్రతినిధి మాట ఇచ్చాడు. ఏడేళ్లు తిరక్కుండానే కంపెనీ మూతపడింది. సాఫ్ట్‌వేర్ మాత్రం నడుస్తూనే ఉంది, అదీ ఆ ఒక్క పాత కంప్యూటర్ మీదే. దాన్ని ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనన్న భయంతో సెలవుల్లో కూడా ఆపేవాళ్లం కాదు.

వివరాలు బయటికి తీద్దామంటే అవన్నీ కంపెనీ సొంత ఫార్మాట్‌లో ఉన్నాయి. చివరికి ఒక విద్యార్థి నెల రోజులు కుస్తీ పట్టి బయటికి లాగాడు. పొడవైన శీర్షికలన్నీ అరవయ్యో అక్షరం దగ్గర తెగిపోయి ఉన్నాయి. అది ఇంగ్లిషు పుస్తకాల సంగతి. తెలుగు పుస్తకాల సంగతి చూస్తే ఏడుపొచ్చింది. కంపెనీ ఇచ్చిన తెలుగు ఫాంటు, ప్రతి భాష అక్షరానికీ ఏ కంప్యూటర్లోనైనా ఒకే సంఖ్య ఉండే యూనికోడ్ పద్ధతిలోది కాదు. రోమన్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు బొమ్మలను కూర్చోబెట్టిన ఫాంటు. అది ఉన్న కంప్యూటర్లో తెలుగులా కనబడుతుంది. లేని కంప్యూటర్లో నెత్తిన టోపీలు, పక్కన తోకలు ఉన్న రోమన్ అక్షరాల వరసగా మారిపోతుంది. వాటిని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు దొరికాయి గాని, ఒత్తుల దగ్గరికొచ్చేసరికి తడబడ్డాయి. ‘సాహిత్యం’లో యవత్తు వెళ్లి పక్క అక్షరానికి తగులుకుంది. ‘స్వాతంత్ర్యం’ ఎన్ని రకాలుగా విరిగిందో లెక్కపెట్టడం మానేశాను. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2002లో మాకు ఆ ఫాంటు అంటగట్టినవారికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

ఆ దెబ్బతోనే గ్రంథాలయాల కోసం రాసిన కోహా అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు మారాం. ఓపెన్ సోర్స్ గురించి ఉత్తరం రాసిన పాఠకుడికి దీని కథ తెలిస్తే సంతోషిస్తారు. న్యూజిలాండ్‌లో హోరోవెనువా అనే చిన్న గ్రంథాలయ సంస్థ పాత సాఫ్ట్‌వేర్‌కు 2000 సంవత్సరం తేదీల గండం వచ్చిపడింది. కొత్తది కొనే బదులు వాళ్లు 1999లో ఒక చిన్న కంపెనీ చేత రాయించుకున్నారు. 2000 జనవరిలో వాడకం మొదలుపెట్టారు. ఆ వెంటనే సోర్స్ కోడ్‌ను అందరికీ విడుదల చేశారు. మావోరీ భాషలో కోహా అంటే కానుక. అయితే అది ఒకవైపు నుంచి మాత్రమే వెళ్లే కానుక కాదు. పుచ్చుకున్నవారు ఎప్పుడో ఒకప్పుడు తిరిగి ఏదో ఒకటి ఇవ్వాలన్నది ఆ మాటలోనే ఉందట. మనం మొదటి సగాన్ని మాత్రమే అనువదించుకున్నాం.

మా దగ్గర దాన్ని ఏర్పాటు చేసింది కంప్యూటర్ విభాగంలోని ఒక యువ అధ్యాపకుడు. సాయంత్రాలు, ఆదివారాలు వచ్చి చేశాడు. మేం ఆయనకు ఇచ్చింది ఒక శాలువా. రెండేళ్లు హాయిగా గడిచింది. లైసెన్సు ఖర్చు మిగిలిందని యాజమాన్యం ప్రతి సమావేశంలోనూ చెప్పుకునేది. ఆ మిగిలిన దాంట్లో కొంత దీన్ని చూసుకునే మనిషికి కేటాయించాలని యాజమాన్యానికి తోచలేదు, నేనూ గట్టిగా అడగలేదు. మూడో ఏడాది ఆయనకు వేరే చోట మంచి ఉద్యోగం వచ్చింది. ఆయన వెళ్లాక ఎనిమిది నెలలకు సర్వర్ డిస్కు పాడైంది. బ్యాకప్ ఉందిగా అని ధీమాగా ఉన్నాను. చూస్తే మధ్యలో ఎప్పుడో స్థలం చాలక బ్యాకప్ ఆగిపోయింది. ఆగిందన్న హెచ్చరిక ప్రతి రాత్రీ ఈమెయిల్‌గా వెళ్తూనే ఉంది. ఎవరికంటే, ఉద్యోగం మానేసిన ఆ అధ్యాపకుడి పాత చిరునామాకు.

నాలుగు నెలల లెక్కలు పోయాయి. ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో తెలియని స్థితి. నోటీసు బోర్డు మీద ‘మీ దగ్గర మా పుస్తకాలుంటే దయచేసి చెప్పండి’ అని రాసి పెట్టాను. విద్యార్థులు నిజాయితీపరులు, చాలామంది తెచ్చిచ్చారు. అందులో కోహా తప్పు రవ్వంత కూడా లేదు. కాని ఆ వారం రోజుల్లో ‘ఉచితం’ అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్లు మండేది.

ఓపెన్ సోర్స్ పెద్దలు చెప్పే సూత్రం ఒకటుంది. కంప్యూటర్లను నడిపే లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ పేరు మీద దాన్ని ఎరిక్ రేమండ్ అనే ప్రోగ్రామర్ ప్రచారంలోకి తెచ్చాడు. చూసే కళ్లు ఎన్ని ఎక్కువుంటే తప్పులు అంత తేలిగ్గా బయటపడతాయని దాని సారం. వినడానికి బాగుంటుంది. మనవాళ్లు మాత్రం ఎప్పుడో ‘పదిమందిలో పాము చావదు’ అన్నారు. కొడతారులే అని ప్రతివాడూ పక్కవాడి చేతిలోని కర్ర వైపు చూస్తాడు. 2014లో హార్ట్‌బ్లీడ్ అన్న లోపం బయటపడినప్పుడు జరిగింది అదే. వెబ్‌సైట్లలో చాలావాటికి మన పాస్‌వర్డుల రక్షణకు ఆధారం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఎవరైనా మూడక్షరాల మాట పంపి ‘ఇది 64 వేల అక్షరాలు, తిరిగి పంపు’ అంటే అది కొలిచి చూసుకోకుండా, పక్కన మెమరీలో ఏది ఉంటే అది కలిపి ఇచ్చేసేది. ఆ తప్పు 2012 మార్చిలో విడుదలైన రూపంలో చేరింది. రెండేళ్లపాటు కోడ్ అందరి ముందూ తెరిచే ఉంది. దానికి ఏడాదికి వచ్చే విరాళాలు 2 వేల డాలర్ల చొప్పున ఉండేవి. పూర్తి సమయం దాని మీదే పనిచేసే మనిషి ఒక్కడు. దాన్ని వాడుకుని కోట్లు గడించిన కంపెనీలకు, శాలువాతో సరిపెట్టిన మా యాజమాన్యానికి పెద్ద తేడా ఏముంది?

2024 మార్చి నాటి కథ ఇంకా వింత. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అన్న చిన్న ఓపెన్ సోర్స్ సాధనం దాదాపు అన్ని లైనక్స్ కంప్యూటర్లలోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి మోసింది ఒక్క మనిషి, అదీ జీతం లేని పనిగా. ఆయన అలసిపోయాడు. ‘జియా టాన్’ పేరుతో ఎవరో సాయం చేస్తామంటూ వచ్చి, రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసి, చివరికి అందులో దొంగదారి పెట్టారు. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆయనకు చిరాకు కలిగింది, వెతికాడు. కోడ్ తెరిచి ఉండబట్టే వెతకగలిగాడన్నది నిజం. ఆ అర సెకనును ఆయన కాక మరొకరైతే పట్టించుకునేవారు కాదన్నదీ అంతే నిజం.

ఇదంతా చదివి నేను ఓపెన్ సోర్స్‌కు వ్యతిరేకినని అనుకోవద్దు. ఇప్పటికీ మా గ్రంథాలయం కోహా మీదే నడుస్తోంది. డిస్కు పోయాక కూడా మిగిలిన వివరాలను కొత్త సర్వర్‌లోకి రెండు రోజుల్లో ఎక్కించుకోగలిగామంటే, అవి గ్రంథాలయాలన్నింటికీ తెలిసిన, పుస్తక వివరాలు రాసే మార్క్ అనే ఫార్మాట్‌లో ఉండబట్టే. 1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ అనే ప్రోగ్రామర్ రూపొందించిన పద్ధతి అది. అర్ధ శతాబ్దం దాటింది, ఇంకా పనిచేస్తోంది. చూడటానికి అంకెలు, గీతలు తప్ప ఏమీ ఉండవు, పరమ వికారంగా ఉంటుంది. దాని గురించి మీ పత్రికలో ఒక్క ముక్క కూడా ఎప్పుడూ రాలేదు. మీ పత్రికను క్రోమ్‌లోనో ఆండ్రాయిడ్ ఫోనులోనో చదివేవారికి ఒత్తులు, గుణింతాలు చెదరకుండా కనబడుతున్నాయంటే దానికి కారణం హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాని పేరూ రాలేదు. వచ్చేవి ఏమిటో మనకు తెలుసు. 2017 చివర్లో ఒక శీతల పానీయాల కంపెనీ తన పేరులో ‘బ్లాక్‌చెయిన్’ (లెక్కలను ఎన్నో కంప్యూటర్లలో ఒకేలా దాచే పద్ధతి) అన్న మాట చేర్చుకోగానే షేరు ధర ఒక్క రోజులో మూడింతలకు దగ్గరగా వెళ్లింది. మరుసటి ఏడాది అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజి నాస్‌డాక్ దాన్ని జాబితా నుంచి తీసేసింది. అప్పట్లో మాకూ ఒకాయన బ్లాక్‌చెయిన్‌తో పుస్తకాల లెక్క రాస్తానంటూ వచ్చాడు. లెక్క రాయడం మాకు కష్టం కాదు నాయనా, పోయిన పుస్తకం దొరకడమే కష్టం అని చెప్పి పంపించాను.

ఇక మీ వ్యాసంలోని కృత్రిమ మేధ. మొన్న మాకూ ప్రదర్శన ఇచ్చారు. పెద్ద తెర, అందమైన చార్టులు. నన్నే ఏదైనా అడగమన్నారు. నేలలో ఉప్పు పేరుకోవడం మీద మీ గ్రంథాలయంలో ఏ పుస్తకాలున్నాయి అని అడిగాను. క్షణంలో మూడు పేర్లు చెప్పింది. రెండు నిజంగానే ఉన్నాయి. మూడోదానికి రచయిత పేరు, ప్రచురణ సంవత్సరం, వర్గ సంఖ్య 631.4 కూడా ఇచ్చింది. పుస్తకాలను విషయాల వారీగా విభజించే డ్యూయీ పద్ధతిలో నేలల శాస్త్రానికి సంఖ్య అదే, తప్పులేదు. అల్మరా దగ్గరికి వెళ్లి చూశాను. లేదు. కేటలాగులో లేదు, ప్రవేశ రిజిస్టర్‌లో లేదు. ఇంకా పెద్ద గ్రంథాలయాల కేటలాగుల్లో వెతికినా ఆ పుస్తకం జాడ లేదు. ప్రతినిధి తొణకలేదు. ‘ఇంకా నేర్చుకుంటోంది మేడం’ అన్నాడు. ఏమిటి నేర్చుకునేది, ఆ పుస్తకం రాయడమా అని అడిగాను. అందరూ నవ్వారు గాని నేను నిజంగానే అడిగాను. అది కేటలాగు తిరగేసి జవాబు చెప్పడం లేదు. ఏ మాట పక్కన ఏ మాట వస్తే నప్పుతుందో చూసి పేరుస్తోంది. కేటలాగుకు జతచేస్తే తప్పులు తగ్గుతాయట, తగ్గవచ్చు. కాని లేని పుస్తకం కోసం అల్మరాల మధ్య తిరిగే విద్యార్థి, పుస్తకం పోయిందని నన్నే తిడతాడు.

ఆ ప్రతినిధి ఇంకో మాట అన్నాడు. లోపలున్న కృత్రిమ మేధ నమూనా (మోడల్) ‘ఓపెన్’ కాబట్టి మీరు ఎవరి గుప్పిట్లోనూ ఉండరని. లైసెన్సు చూపించమన్నాను. అది ఫేస్‌బుక్ యజమాని మెటా కంపెనీ తయారుచేసిన లామా. నెలకు 70 కోట్లకు మించి వాడుకరులున్న సంస్థలు విడిగా అనుమతి తీసుకోవాలన్న షరతు ఉంది. మాకు అంతమంది ఎలాగూ లేరనుకోండి. దాన్ని ఏ సమాచారంతో తయారుచేశారో మాత్రం బయటపెట్టలేదు. షరతులున్న కానుకను కానుక అనరు. ఏది ఓపెన్ సోర్స్ అవుతుందో నిర్వచించే ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ కూడా అభ్యంతరం చెబుతూ, దీన్ని ఓపెన్ సోర్స్ అనడం కుదరదని అంటోంది. ఓపెన్ సోర్స్ అన్న మాట 1998లో పుట్టింది. పాతికేళ్లు జనం చెమటోడ్చి దానికి సంపాదించిన పరువు, ఇప్పుడు అట్ట మీద అచ్చేసుకోవడానికి పనికొస్తోంది. కోహాకూ అలాంటి గండమే వచ్చింది. ఒక అమెరికా కంపెనీ ఆ పేరునే న్యూజిలాండ్‌లో తన ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోబోతే, దాన్ని ఎదుర్కోవడానికి ఆ చిన్న గ్రంథాలయ సంస్థ 2011లో విరాళాలు అడగాల్సి వచ్చింది. చివరికి గెలిచింది లెండి.

మీకు ఒక విన్నపం. ఇకమీదట ఇలాంటి వ్యాసాలు వేసేటప్పుడు, అమ్మేవారినైనా ఉచితంగా ఇచ్చేవారినైనా రెండు ప్రశ్నలడిగి జవాబులు అచ్చువేయండి. మూడో ఏడాది దీన్ని ఎవరు చూస్తారు, వారికి జీతం ఎవరిస్తారు అన్నది ఒకటి. మాకు వద్దనిపించిన రోజున మా వివరాలు ఏ ఫార్మాట్‌లో మా చేతికొస్తాయి అన్నది రెండోది. నేను ఆ ప్రతినిధిని ఇవే అడిగాను. పుస్తకంలో రాసుకుని వెళ్లాడు. మూడు వారాలైంది.

ఈలోగా విరిగిన తెలుగు శీర్షికలను రోజుకు ఇరవై చొప్పున అట్టలు చూసి మళ్లీ టైపు చేస్తున్నాను. ఇవాళ ‘మ’ దగ్గరికి వచ్చాను. ‘స్వాతంత్ర్యం’ ఇంకా చాలా దూరంలో ఉంది.

ఇట్లు,
ఒక కళాశాల గ్రంథపాలకురాలు