ఫార్మాట్ చేసేవారు నెట్‌వర్క్ డ్రైవరును ముందుగా భద్రపరచాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇస్తూ వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిన నాటి నుంచి మా మండల కేంద్రంలోని కంప్యూటర్ దుకాణాలకు పాత ల్యాప్‌టాప్‌లు వరుసగా వస్తున్నాయి. కొందరు విండోస్ 11 వేయించుకోవడానికి వస్తున్నారు. అందుకు తగని యంత్రాలున్నవారు, అంటే చాలావరకు ఇంటెల్ 8వ తరానికి ముందరి ప్రాసెసర్లున్నవారు, ఉన్న విండోస్‌నే తుడిచి మళ్లీ వేయించుకుంటున్నారు. మన ఊళ్లలో ఈ పనిని ‘ఫార్మాట్ కొట్టించడం’ అంటాం. ఫొటోలు, పత్రాలు పోకుండా చూసుకోవాలని ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ తెలుసు గాని, ఫార్మాట్ అయిన తరువాత నెట్‌వర్క్ డ్రైవరు అనే చిన్న సాఫ్ట్‌వేర్ లేక ఆ యంత్రానికి ఇంటర్నెట్టే అందకుండా పోవచ్చని ముందుగా చెప్పేవారు లేరు. ఆ ఇబ్బంది మా ఇంట్లోనే ఎదురై, దాని మూలమేమిటో కష్టపడి తెలుసుకున్నాను గనుక ఈ లేఖ రాస్తున్నాను.

2025 జూలైలో మా అమ్మాయి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవలసి ఉంది. పదుల కొద్దీ కళాశాలల కోడ్‌లనూ బ్రాంచీలనూ పక్కపక్కన పెట్టుకుని, ఏది ముందో ఏది వెనుకో తేల్చుకుంటూ క్రమం మార్చుకోవడం ఫోన్ తెర మీద సాగే పని కాదు. ఇంట్లోని ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికే పది నిమిషాలు పడుతోందని నేనే దాన్ని దుకాణానికి తీసుకువెళ్లాను. సాయంత్రానికి చేతికి వచ్చింది, చురుగ్గానే ఉంది. కాని ఇంటికి తెచ్చి చూస్తే, గడియారం పక్కన ఉండవలసిన వైఫై గుర్తు లేదు. దాని చోట భూగోళం బొమ్మ ఉంది. సెట్టింగ్స్‌లో వెతికినా వైఫై అన్న మాటే కనిపించలేదు. మర్నాడు మళ్లీ తీసుకువెళితే, వైఫై కార్డు పోయిందనీ కొత్తది కొనాలనీ చెప్పారు. ముందు రోజు ఉదయం దాకా చక్కగా పనిచేసిన కార్డు, మూత విప్పనైనా విప్పకుండా, విండోస్ వేసిన పూటే ఎలా పోయిందని అడిగితే సమాధానం రాలేదు. అమ్మాయి నెట్ సెంటర్‌లో వంతు కోసం నిలబడి ఆప్షన్లు పెట్టింది. వెనుక మరో పదిమంది ఎదురుచూస్తుండగా నింపిన ఆ జాబితాను ఇంటి దగ్గర తీరికగా సరిచూసుకునే అవకాశం ఆమెకు లేకపోయింది. తండ్రిగా ఆ బాధ నాకు ఇంకా తీరలేదు.

కొత్త కార్డు కొనకుండా నన్ను ఆపింది మా పాఠశాలలో చదువుకుని, ఆ తరువాత ఐటీఐలో కంప్యూటర్ ఆపరేటర్ కోర్సు, అదే కోపా ట్రేడు, పూర్తిచేసిన ఒక పూర్వ విద్యార్థి. “సార్, ముందు కార్డు బతికి ఉందో లేదో చూద్దాం, కొనడం తరువాత సంగతి” అంటూ విండోస్‌కు బదులు వాడుకోగల ఉబుంటు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్ డ్రైవ్ తెచ్చాడు. ల్యాప్‌టాప్‌లోని డిస్కును ముట్టుకోకుండా, దేన్నీ ఇన్‌స్టాల్ చేయకుండా, పెన్ డ్రైవ్ నుంచే దాన్ని నడిపాడు. కొద్ది నిమిషాల్లో మా ఇంటి వైఫై పేరు, దాని కింద ఇరుగుపొరుగు ఇళ్ల పేర్లు తెర మీద కనిపించాయి. కార్డు నిక్షేపంగా ఉంది. లేనిదల్లా విండోస్‌కు ఆ కార్డుతో మాట్లాడడం నేర్పే చిన్న సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరు.

ఈ డ్రైవరు ఎందుకు లేకుండా పోతుందో పాఠకులకు తెలియాలి. విండోస్ విడుదల ఒకటి తయారైన నాటికి మార్కెట్లో ఉన్న పరికరాల డ్రైవర్లలో కొన్నిటిని మైక్రోసాఫ్ట్ దానితోపాటే చేర్చి ఇస్తుంది. ఆ తరువాత వచ్చిన చిప్‌లకు అందులో చోటుండదు. దుకాణాల్లో ఒకసారి సిద్ధం చేసుకున్న పెన్ డ్రైవ్‌నే ఏళ్ల తరబడి వాడుతుంటారు గనుక, అందులోని విండోస్ విడుదల పాతది, ల్యాప్‌టాప్ దానికంటే కొత్తది అయ్యే సందర్భాలు తరచుగా వస్తాయి. కొత్త మదర్‌బోర్డులున్న డెస్క్‌టాప్‌లలో నెట్‌ను తెచ్చే లాన్ తీగకు సంబంధించిన చిప్‌కు కూడా ఇదే గతి పట్టవచ్చు. శబ్దానికో, వేలిముద్ర పరికరానికో డ్రైవరు లేకపోతే విండోస్ అప్‌డేట్ తనంతట తానే వెతికి తెస్తుంది. నెట్‌వర్క్ డ్రైవరు విషయంలో మాత్రం ఆ వెతుకులాటకు కావలసిన నెట్టే ఉండదు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టుంటుంది పరిస్థితి. పూర్వం కంప్యూటర్ పెట్టెలోనే డ్రైవర్ల సీడీ ఒకటి వచ్చేది, యంత్రానికి లాన్ తీగ పెట్టే రంధ్రం ఉండేది. ఇప్పటి పలుచని ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి సీడీ పెట్టే చోటూ లేదు, లాన్ రంధ్రమూ లేదు.

ఆ అబ్బాయి నాకు చూపించిన పద్ధతిని ఇక్కడ కొంత వివరంగా చెప్పడం అవసరమనుకుంటున్నాను. స్టార్ట్ బటన్ మీద కుడి నొక్కు నొక్కి డివైస్ మేనేజర్ తెరిస్తే, ‘అదర్ డివైసెస్’ అనే శీర్షిక కింద ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అన్న పేరు పసుపు పచ్చని హెచ్చరిక గుర్తుతో కనిపించింది. లాన్ చిప్‌కు డ్రైవరు లేకపోతే అదే చోట ‘ఈథర్నెట్ కంట్రోలర్’ అని ఉంటుందట. దాన్ని తెరిస్తే డ్రైవర్లు ఇన్‌స్టాల్ కాలేదన్న వాక్యం, దాని చివర కోడ్ 28 అన్న సంఖ్య ఉన్నాయి. కార్డు నిజంగా చచ్చిపోతే సాధారణంగా ఆ పేరే అక్కడ కనిపించదు, కాబట్టి కోడ్ 28 కనిపించిందంటే కంగారు పడి కొత్త కార్డు కొనవలసిన పని లేదు. అదే కిటికీలో ‘డీటెయిల్స్’ విభాగానికి వెళ్లి ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకుంటే ఒక పొడవాటి వరుస వస్తుంది. అందులో ‘వెన్’ అన్న అక్షరాల తరువాతి నాలుగు చిప్ తయారీదారును, ‘డెవ్’ తరువాతి నాలుగు ఆ చిప్ రకాన్ని తెలుపుతాయి. 8086 అంటే ఇంటెల్, 10ఈసీ అంటే రియల్‌టెక్, 14సీ3 అంటే మీడియాటెక్, 168సీ అంటే క్వాల్‌కామ్ అథెరోస్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్. మా ల్యాప్‌టాప్‌లో 10ఈసీ, సీ821 అని ఉంది. అది రియల్‌టెక్ వారి ఆర్‌టీఎల్ 8821సీఈ అనే కార్డు, తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో విరివిగా కనిపించేదే.

ఈ సంఖ్య ఎందుకు ముఖ్యమంటే, ల్యాప్‌టాప్ మోడల్ పేరు ఒక్కటే చాలదు. ఒకే మోడల్ పేరుతో అమ్ముడైన యంత్రాల్లో కొన్నిటిలో ఇంటెల్ కార్డు, కొన్నిటిలో రియల్‌టెక్, ఇంకొన్నిటిలో మీడియాటెక్ ఉంటాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పేజీ తెరిస్తే వైఫై డ్రైవర్లు రెండు మూడు కనిపిస్తాయి. వాటిలో మనది ఏదో ఆ సంఖ్యే చెబుతుంది. అడుగు భాగాన అంటించిన కాగితం మీది సీరియల్ నంబరు ఇస్తే కొన్ని కంపెనీల సైట్లు సరైనదాన్ని తామే చూపిస్తాయి. ఆ కాగితం చెరిగిపోకముందే ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోవడం మేలు.

ఇక నెట్ లేని యంత్రానికి డ్రైవరు చేర్చేదెలా? మరో కంప్యూటర్‌లో దింపి పెన్ డ్రైవ్‌లో తేవచ్చు. అంతకంటే సులువైన మార్గం మనందరి జేబుల్లోనే ఉందని నాకు ఆ రోజు వరకు తెలియదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్నచోటే ఉండే ‘యూఎస్‌బీ టెథరింగ్’ను ఆన్ చేస్తే చాలు, విండోస్ ఆ ఫోన్‌ను లాన్ తీగలాగా గుర్తిస్తుంది. ఇందుకు కావలసిన డ్రైవరు విండోస్‌లో ముందే ఉంటుంది. వైఫై హాట్‌స్పాట్ ఈ సమయంలో పనికిరాదు, ఎందుకంటే దాన్ని అందుకోవలసిన కార్డే మూగగా ఉంది. ఫోన్ ఇంటి వైఫైకి కలిసి ఉంటే అదే నెట్ కేబుల్ గుండా ల్యాప్‌టాప్‌కు వెళుతుంది గనుక మొబైల్ డేటా కూడా ఖర్చు కాదు. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో ఇది జరగదు. మేము మొదట అలాంటి తీగతోనే అరగంట పోగొట్టుకున్నాం. ఇలా నెట్ వచ్చిన తరువాత విండోస్ అప్‌డేట్ తనిఖీ చేయించి, ‘ఆప్షనల్ అప్‌డేట్స్’ కింద కూడా చూస్తే, చాలా సందర్భాల్లో డ్రైవరు అక్కడే దొరుకుతుంది. మాకు అలాగే దొరికింది.

విండోస్ 11 హోమ్ వేయించుకునేవారికి ఈ చిక్కు మరికాస్త ముందే ఎదురవుతుంది. ఇన్‌స్టాలేషన్ చివరలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించడానికి నెట్ కావాలని అది పట్టుబడుతుంది, కార్డుకు డ్రైవరు లేకపోతే ఆ పేజీ దగ్గరే ఆగిపోతుంది. అక్కడ కూడా యూఎస్‌బీ టెథరింగ్ ఆదుకుంటుంది. ఇటీవలి ప్రతుల్లో పెన్ డ్రైవ్ నుంచి డ్రైవరు ఎక్కించే బటన్ కూడా ఆ పేజీలోనే ఉంది.

ఒక ప్రమాదం గురించి హెచ్చరించాలి. వైఫై డ్రైవరు అని వెతికితే మొదట కనిపించేవాటిలో అన్ని డ్రైవర్లనూ ఒక్క నొక్కుతో వేస్తామనే ప్రోగ్రాముల ప్రకటనలు ఉంటాయి. డబ్బు అడిగేవి కొన్ని, అడక్కుండానే ప్రకటనల సాఫ్ట్‌వేర్‌ను వెంటబెట్టుకొచ్చేవి మరికొన్ని. డ్రైవరు అనేది ఆపరేటింగ్ సిస్టమ్ లోతుల్లో పనిచేసేది గనుక, దాన్ని ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచో, చిప్ తయారీదారు నుంచో, విండోస్ అప్‌డేట్ నుంచో తప్ప మరెక్కడి నుంచీ తీసుకోకూడదు.

ఇంత ప్రయాస పడకుండా తప్పించుకునే మార్గం ఫార్మాట్‌కు ముందే ఉంది. విండోస్‌తోపాటు రాకుండా విడిగా చేరిన డ్రైవర్లన్నిటినీ ఒక ఫోల్డర్‌లోకి ఎగుమతి చేసే ఆదేశాన్ని విండోస్‌లోనే ఇచ్చారు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో పీఎన్‌పీయుటిల్ అనే ప్రోగ్రాముతో అది కొద్ది నిమిషాల్లో పూర్తవుతుంది. ఆ ఫోల్డర్‌ను పెన్ డ్రైవ్‌లో ఉంచి, ఫార్మాట్ తరువాత డివైస్ మేనేజర్‌కు చూపిస్తే చాలు, నెట్ అవసరమే లేదు. ఇది చేయకపోవడం ఒక ఎత్తయితే, మరమ్మతు చేసేవారిలో కొందరు డిస్కులోని భాగాలన్నిటినీ తుడిచేస్తూ, కంపెనీ ఇచ్చిన రికవరీ భాగాన్ని కూడా పోగొట్టడం మరో ఎత్తు. తిరిగి మొదటి స్థితికి తెచ్చుకునే సాధనాన్ని యజమానికి ఒక మాటైనా చెప్పకుండా తీసేయడం అన్యాయం. మాది కూడా అలాగే పోయింది.

దుకాణాల్లో పనిచేసే యువకుల మీద నాకు కోపం లేదు. రోజుకు ఎన్నో యంత్రాలు చూస్తూ, చాలామంది ఎవరి దగ్గరా క్రమంగా నేర్చుకోకుండా, ఒకరిని చూసి ఒకరు పని పట్టుకున్నవారు. అందుకే వారికి నా విన్నపం రెండు మాటల్లో చెబుతాను: తుడిచే ముందు డ్రైవర్లను దాచండి, అప్పగించే ముందు వినియోగదారుడి కళ్లెదుటే వైఫైకి కలిపి చూపించండి. ఐటీఐ కోపా ట్రేడులో ఆపరేటింగ్ సిస్టమ్ వేయడం నేర్పుతున్నారు గనుక, డ్రైవర్లను భద్రపరచడం, హార్డ్‌వేర్ సంఖ్యను చదవడం అక్కడి ప్రాక్టికల్ తరగతుల్లో తప్పనిసరిగా చేయించాలి.

తయారీదారుల బాధ్యత అంతకంటే పెద్దది. ఏ చిప్ వేశారో వారికి తెలుసు. అడుగున అంటించే కాగితం మీద ఆ పేరు ఒక వరుసలో ముద్రించడానికి వారికయ్యే ఖర్చు ఏమంత ఉండదు. పాత మోడళ్ల డ్రైవర్లను సైట్ల నుంచి తొలగించకుండా ఉంచాలి. లినక్స్ ప్రపంచంలో డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే బృందం ఈ ఇబ్బందినే గుర్తించి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాల విషయంలో ఎంతో పట్టుదల ఉన్నప్పటికీ, 2022లో సభ్యుల ఓటు తీసుకుని, 2023 జూన్‌లో వచ్చిన 12వ విడుదల నుంచి వైఫై వంటి పరికరాలకు కావలసిన ఫర్మ్‌వేర్‌ను, అంటే ఆ పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ను, అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే చేర్చింది. స్వచ్ఛంద కార్యకర్తలు చేయగలిగినది లాభం గడించే కంపెనీలు చేయలేమంటే ఒప్పుకోలేం.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. ఎలక్ట్రానిక్ వస్తువులు ఎంత సులువుగా మరమ్మతు చేసుకోవచ్చో తెలిపే సూచిక కోసం ఆ శాఖ నియమించిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. విడి భాగాలు, మరమ్మతు సమాచారంతోపాటు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను కూడా ఆ కమిటీ లెక్కలోకి తీసుకుంది. ఆ సూచిక అమలుకు వచ్చినప్పుడు, నెట్ లేకుండానే ఎక్కించుకోగల నెట్‌వర్క్ డ్రైవరును వినియోగదారుడి చేతికి ఇచ్చారా లేదా అన్నది కూడా ఒక కొలమానం కావాలి. మంచి కార్డును పాడైందని చెప్పి కొత్తది కొనిపిస్తే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చని కూడా జనానికి తెలియాలి.

మీ పత్రిక ప్రవేశాల కాలంలో కౌన్సెలింగ్ తేదీలనూ వెబ్ ఆప్షన్ల సూచనలనూ శ్రద్ధగా ప్రచురిస్తుంది. రానున్న వేసవిలో ఆ సూచనల పక్కనే యూఎస్‌బీ టెథరింగ్ గురించి, ఫార్మాట్‌కు ముందు డ్రైవర్లను దాచుకోవడం గురించి నాలుగు వాక్యాల పెట్టె ఒకటి వేయవలసిందిగా కోరుతున్నాను. మా అమ్మాయిలాగా చివరి రోజున నెట్ సెంటర్‌లో వంతు కోసం నిలబడే పిల్లల్లో కొందరికైనా అది సమయానికి అందుతుంది.

భవదీయుడు,
గణిత ఉపాధ్యాయుడు,
ప్రభుత్వ ఉన్నత పాఠశాల,
సూర్యాపేట జిల్లా